చిన్నమ్మ పొయ్యిలోంచి లాగిన కట్టె

మా చిన్నప్పుడు... మా ఊళ్లో సర్పంచ్ ఎన్నికలు వచ్చేవి, ఓట్లు మాత్రం ఉండేవి కావు. నలుగురు పెద్దమనుషులు కూర్చుని ఒక పేరు చెప్పేవాళ్లు... ఊరంతా చప్పట్లు కొట్టేది. దాన్ని ఏకగ్రీవం అనేవాళ్లు.

మాది మరిపెడ దగ్గర పల్లె. నేను నాలుగో తరగతిలో ఉండగా సర్పంచ్ పదవి ఆడవాళ్లకు వచ్చింది. పెద్దమనుషులు తమలో ఒకాయన కోడలి పేరు చెప్పారు. ఆమె ఉండేది హైదరాబాద్‌లో. మిషన్ కుట్టుకునే మా చిన్నమ్మ ఎవరికీ చెప్పకుండా వెళ్లి నామినేషన్ వేసి వచ్చింది.

విత్‌డ్రా చేసుకోవడానికి చివరి రోజు... మూడు గంటల లోపు పక్క ఊరి ఆఫీసులో కాగితం ఇవ్వాలి. పన్నెండింటికే నలుగురూ ఆ కాగితం రాసుకుని మా వాకిట్లో దిగారు.

"సంతకం పెట్టు బిడ్డా. ఊరంత ఒక్క మాట మీదున్నం," అన్నాడు వాళ్లలో పెద్దాయన.

"పెడ్త మామా. ఇంటికొచ్చినోళ్లను ఒట్టిగ పంపుతనా? నాటుకోడి కోసిన. తిన్నంక పెడ్త."

బండి మీద పది నిమిషాల దారే కదా... సరేనని మంచాల మీద కూర్చున్నారు.

నేను కట్టెల పొయ్యి దగ్గర గొట్టంతో ఊదుతున్నాను. మంట లేవగానే చిన్నమ్మ వచ్చి ఒక కట్టె వెనక్కి లాగింది. మళ్లీ ఊదాను... మళ్లీ లాగింది. ఈసారి నా చేతిలోంచి గొట్టం కూడా తీసేసుకుంది.

"ఇంకెంతసేపు బిడ్డా?"

"నాటుకోడి గద మామా... జర మొండిది."

కంచాలు పెట్టేసరికి రెండున్నర. ఆకలి మీద ఎవరూ తల ఎత్తలేదు. పెద్దాయన చెయ్యి కడుక్కుని ఫోన్ చూసుకున్నాడు. మూడు దాటింది.

"మోసం జేసినవ్ కదనే."

"ఊరిని అడుగుదం మామా. ఓటేసి చెప్తరు," అంది చిన్నమ్మ. "ఇంకో ముక్క ఏసుకోకపోతిరి."

చిన్నమ్మ ఓడిపోయింది. కానీ ఆ రోజు ఊరంతా లైన్లో నిలబడింది. మా నాయనమ్మ సర్పంచ్‌కు ఓటు వేయడం అదే మొదటిసారి... వారం దాకా ఎవరొచ్చినా సిరా వేలు చూపించేది. దాన్ని ఓటమి అంటే నేను ఇప్పటికీ ఒప్పుకోను.

ఈమధ్య హన్మకొండలో ఒక నిఘంటువు కొనుక్కున్నాను. మొదట వెతికిన మాట ఏకగ్రీవం. అందరిదీ ఒకే గొంతు అని అర్థమట... మిగతా గొంతులు ఏమయ్యాయో అందులో రాయలేదు.

ఇప్పుడు అందరివీ గ్యాస్ పొయ్యిలే... లాగడానికి కట్టె లేదు. నిన్న ఊరి వాట్సాప్ గ్రూపులో మళ్లీ ఏకగ్రీవం అన్నారు, వరసగా దండాల బొమ్మలు. నాకు ఇప్పుడు ఓటుంది. "నేను ఒప్పుకోను" అని కింద రాశాను.

మీ ఊళ్లోనూ ఇలా కట్టె వెనక్కి లాగిన వాళ్లు ఉండే ఉంటారు... ఎవరో చెప్పండి.