వరాలమ్మ గారు చదవని ఆఖరి పేజీ

మా చిన్నప్పుడు... గాజువాకలో మా వీధి చివర ఉన్న లైబ్రరీని పొద్దున్న ఎనిమిదికి తెరిచేవారు. లైబ్రేరియన్ వరాలమ్మ గారే తాళం తీసి, తనే ఊడ్చి, పేపర్లను కాగితం కాగితంగా విడదీసి బల్లల మీద పరిచేవారు. మనిషికో కాగితం అందితే దెబ్బలాట ఉండదని...

పదకొండుకి మూసి, మళ్ళీ నాలుగుకి తీసి, ఏడుకి మూసేవారు. చిరిగిన పుస్తకాలకు మైదా జిగురు, పురుగు పట్టకుండా ఎండు వేపాకు... అన్నీ ఆవిడ చేతిమీదే. ఇంకో మనిషి లేరు.

ఆవిడకి చదువంటే ప్రాణం. కానీ కొత్త వారపత్రిక వస్తే ముట్టుకునేవారు కాదు. "ముందు వచ్చినవాళ్ళు చదువుకోవాలి" అనేవారు. పై వారం కొత్త సంచిక వచ్చాక, పాతదాన్ని గురువారం సాయంత్రం ఇంటికి పట్టుకెళ్ళేవారు. శుక్రవారం లైబ్రరీకి సెలవు. తలంటుకుని, పూజ చేసుకుని, ఇక ఆ రోజంతా చదువే.

అందుకే సీరియల్లో ఆవిడెప్పుడూ ఊరందరికన్నా ఒక వారం వెనక!

టైలర్ సన్యాసిరావు ఆవిడని ఆటపట్టించేవాడు. "మేడమ్, ఈ వారం సుభద్ర ఏటి సేసిందో సెప్పీమంతారా?"

"చెప్పావంటే రేపట్నుంచి నీకు పేపర్ లేదు, చూసుకో!" అని ఆవిడ రెండు చెవులూ మూసుకునేవారు. అందరూ నవ్వేవారు.

ఆ సీరియల్ ఏడాది పైనే నడిచింది. అందులో సుభద్ర తల్లి మీద అలిగి ఇల్లు వదిలి వచ్చేసిన పిల్ల. మళ్ళీ తల్లి దగ్గరికి వెళుతుందా, వెళ్ళదా... మా వీధంతా అదే మాట.

ముగింపు మార్గశిర మాసంలో వచ్చింది. అదే సంచికలో రంగుల్లో లక్ష్మీదేవి బొమ్మ. మా ఇంట్లో అమ్మవారి పటం లేదు. వారం తిరిగింది. మర్నాడు గురువారం, లక్ష్మివారం పూజ. అప్పటికే కొత్త సంచిక వచ్చేసింది కదా, పాతది ఇంకెవరికి కావాలి అనుకున్నాను... పెన్సిల్ చెక్కుకునే బ్లేడుతో బొమ్మ కోసుకుని, మేడమ్ ఇచ్చారని అమ్మకి అబద్ధం చెప్పాను. అమ్మ దాన్ని దేవుడి గూట్లో గోడకి అంటించి, పసుపూ కుంకుమా పెట్టి, పరమాన్నం నైవేద్యం పెట్టింది.

శనివారం పొద్దున్న వెళ్ళేసరికి వరాలమ్మ గారి ముందు ఆ సంచిక తెరిచి ఉంది. పేజీలో కిటికీ అంత కన్నం. ఆ బొమ్మ వెనకే కథ ఆఖరి పేజీ ఉందని నాకప్పుడే తెలిసింది.

ఆవిడ కోప్పడలేదు. "బొమ్మ కావాలంటే ఇచ్చేదాన్ని కదర్రా... నేను చదివాక" అన్నారంతే.

గబగబా ఇంటికొచ్చి గూట్లో బొమ్మ అంచు గోకుతుంటే అమ్మ చూసేసింది. "ఏటే, పిచ్చి గానీ పట్టిందా? అమ్మోరి బొమ్మ పీకేత్తన్నావ్!"

ఏడుస్తూ అంతా చెప్పేశాను. అమ్మ నా చెవి పట్టుకుని లైబ్రరీకి తీసుకెళ్ళింది. "తడిగుడ్డెట్టి తీసీమంతారా మేడమ్?"

"వద్దమ్మా. పూజ అందుకున్న తల్లిని కదపకూడదు."

సన్యాసిరావు ఈసారి నవ్వలేదు. "పోనీ నాను సెప్పనా మేడమ్?"

"వద్దు నాయనా. ఏడాది చదివాను. ఆ నాలుగు ముక్కలూ రాసినవి రాసినట్టే చదువుకోవాలనుంది."

"టౌన్లో పెద్ద లైబ్రరీలో ఉంటాది కదా?" అంది అమ్మ.

ఆవిడ నవ్వారు. "ఉంటుంది. కానీ నాకు సెలవు రోజే దానికీ సెలవు. ఇది తెరిచి ఉన్నంతసేపే అదీ తెరిచి ఉంటుంది. నేను అటు వెళితే ఇక్కడ తలుపు తీసేదెవరు?"

అందరికీ పుస్తకాలిచ్చే మనిషికి, ఇంకో లైబ్రరీలో కూర్చుని చదువుకునే రోజు ఒక్కటీ లేదు...

మా నాన్న పోర్టులో కలాసీ. ఆదివారం పొద్దున్నే నా చేత నోటుపుస్తకం పట్టించి, "పద. నువ్ సేసింది నువ్వే సరి సెయ్యాల" అని సిటీ బస్సెక్కించాడు. పెద్ద లైబ్రరీలో పాత సంచిక అడిగి తీయించాడు. నేను ఒక్కో అక్షరం చూసి రాస్తుంటే, చదువు రాని నాన్న పక్కనే కూర్చుని పేజీ ఎగరకుండా వేలితో నొక్కిపట్టాడు.

తిరుగు బస్సులో మెల్లగా అడిగాడు. "ఏటైందే ఆ పిల్లకి?"

"వాళ్ళమ్మ దగ్గరికి ఎల్లిపోయింది నాన్నా."

"మంచిపని సేసింది. మేడమ్‌కి సెప్పీకు... ఆవిణ్ణి సదువుకోనీ" అన్నాడు.

సాయంత్రం నోటుపుస్తకం ఇస్తే వరాలమ్మ గారు గుండెకి ఆనించుకున్నారు. కానీ తెరవలేదు. ఇంకా జనం ఉన్నారు మరి. ఏడైంది. నేను తప్ప అందరూ వెళ్ళిపోయారు. ఒక తలుపు మూసి, తన కుర్చీలో కాకుండా మేము కూర్చునే బల్ల దగ్గరికి వచ్చారు. రోజూ మా చేత సంతకాలు పెట్టించే రిజిస్టరు తీసి, మా అందరి పేర్ల కింద తన పేరు రాసుకున్నారు. అప్పుడు కూర్చుని చదివారు. పెదవులు కదులుతున్నాయి. అయిపోయాక పైటచెంగుతో కళ్ళు ఒత్తుకుని, మళ్ళీ మొదటినుంచీ చదివారు.

"రాత ముత్యాల్లా ఉందమ్మా" అన్నారు నాతో.

మరుసటేడు ఆవిడకి ఎలమంచిలి బదిలీ అయింది. మళ్ళీ చూడలేదు. ఎక్కడున్నా అమ్మవారు చల్లగా చూడాలి...

నాకిప్పుడు యాభై. ఏం చదవాలన్నా ఫోన్లోనే దొరుకుతోంది. ఎవర్నీ అడగక్కర్లేదు, ఎవరి కోసమూ ఆగక్కర్లేదు. అయినా ఒక్కటి మాత్రం మనసులో ఉండిపోయింది. "నీకేం పుస్తకం కావాలమ్మా?" అని ఆవిడ రోజూ అడిగేవారు. "మీరేం చదువుతున్నారు మేడమ్?" అని మేము ఒక్కరోజైనా అడగలేదు.

మీ చిన్నప్పుడు మీకు పుస్తకాలిచ్చిన మనిషి... తనకోసం ఏం చదువుకునేవారో మీలో ఎవరికైనా తెలుసా? తెలిస్తే కింద రాయండి. చదువుకుంటాను.