నిండుకున్న డబ్బా

ఏమర్రా, మీ పెదతాత లారీ కొన్న కథ అడుగుతారు. మీ చిన్నతాత కుస్తీ పట్టిన కథయితే సగం అబద్ధమని తెలిసీ పదిసార్లు చెప్పించుకున్నారు. గోడ మీద ఆ ఫొటోలో కళ్ళజోడు పెట్టుకుని కోపంగా చూస్తోందే, ఆవిడెవరు మామ్మా అని ఒక్క వెధవైనా అడిగాడా? మీ తాతకు తోడబుట్టిన చెల్లెలు. మీ నాన్నకు సొంత మేనత్త. నాకు ఆడపడుచు. నువ్వే, ఆ ఫోను పక్కన పారేసి రాసుకో. నేనన్నది అన్నట్టు రాయి. మర్యాదగా మార్చావో, వీపు విమానం మోత మోగుతుంది. మర్యాద వల్లే కొంపలు మునిగాయి.

దాన్ని వీధి వీధంతా పంతులమ్మ అనేది. నేను కాపురానికొచ్చేటప్పటికి రెండు జడల పిల్ల. చిన్నపిల్లల్ని ఇనప మెట్ల మీద కూర్చోబెట్టి, గోడ మీద బొగ్గుతో అక్షరాలు రాసి, ఇంటివాడి చేత తిట్లు తినేది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకే అంటే, "నీ కాపురం చూశాక కూడా అడుగుతున్నావా వదినా?" అనేది. మీ తాత వింటుండగానే. కాలేజీలో పాఠాలు చెప్పేది గానీ అది ఏ ఏటికా ఏడు నౌకరీ. సెలవులిస్తే జీతం గోవిందా.

అలాంటి దానికి పెద్ద సంస్థ నుంచి పిలుపొచ్చింది. అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ. అనడానికే ఊపిరి సరిపోదు. ఒక ఏడాది అక్కడే ఉండి పాఠం చెప్పాలి, పరిశోధన చెయ్యాలి, నచ్చితే నౌకరీ ఖాయం చేస్తారు. మీ తాత ఛాతీ ఎంత ఉబ్బిందంటే చొక్కా బొత్తాం నేను మళ్ళీ కుట్టాల్సొచ్చింది.

ఒకసారి నన్నూ తీసుకెళ్ళింది. నేల అద్దంలా ఉంటే భయమేసి చెప్పులు చేత్తో పట్టుకున్నా. కుర్చీలకు చక్రాలు. గదుల్లో చలి. బయట తోటవాడు ఎండలో మాడిపోతుంటే, లోపల శాలువాలు కప్పుకుని పేదరికం గురించి మాట్లాడుకుంటున్నారు. దేశదేశాల ఆఫీసర్లు దాని ముందు బుద్ధిగా కూర్చున్నారు.

"వీళ్ళకేం చెబుతావే?" అన్నా.

"పేదవాళ్ళింటికెళ్ళి ప్రశ్న ఎలా అడగాలో."

"అదీ ఒక చదువేనా? గుమ్మంలో నిలబడి, ఏమ్మా బాగున్నారా అంటే సరిపోదా?"

"ఆ ముక్క నేర్పడానికే ఏడాది పడుతుంది వదినా," అని నవ్వింది.

ఇక పరిశోధన. మా వీధివాళ్ళు పనిచేసే మిల్లు మూతపడ్డ ఏడాది అది. మిల్లు వెనక మా వీధికి సర్కారువాళ్ళ చౌక బియ్యం దుకాణం ఒక్కటే దిక్కు. అది ఇంకా ఉండాలా, తీసెయ్యాలా అన్నది ఈ సంస్థవాళ్ళు తేల్చాలట. మా అన్నం మీద తీర్పు చెప్పడానికి వాళ్ళెవరని అడగండి, ఒక్కడూ చెప్పడు. ఇంటింటికీ తనే వెళ్తానంది పంతులమ్మ. డైరెక్టరు వద్దన్నాడు. "మీరు ఆ వీధి మనిషి. పక్షపాతం అంటారు. మీరిక్కడ లెక్కలు చూడండి" అని, మన భాష పుస్తకాల్లో నేర్చుకున్న పరాయి దేశపు కుర్రాళ్ళను పంపాడు.

మా గుమ్మంలోకీ వచ్చారు. "అమ్మా, మీ ఇంట్లో బియ్యం ఉన్నాయా?"

ఇల్లాలన్నది 'లేవు' అంటుందా? ఆ మాటంటే నిజంగానే లేకుండా పోతుందని మా అత్త నోటి మీద కొట్టేది. "నిండుకున్నాయి బాబూ," అన్నా. పక్కింటావిడా అదే అంది. వీధి మొత్తం అదే అంది. "చాలా మంచిదమ్మా," అని దండం పెట్టి వెళ్ళిపోయారు. ఇంట్లో గింజ లేదంటే మంచిదంటాడేం వీడి మొహం మండ, అనుకున్నా.

కొన్నాళ్ళకు పంతులమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. మొహం వెలిగిపోతోంది. "వదినా! లెక్కలన్నీ తేలాయి. మన వీధిలో డబ్బాలన్నీ నిండుగా ఉన్నాయట! నాకు చెప్పలేదేం?"

బియ్యం డబ్బా తెచ్చి దాని ఒళ్ళో బోర్లించా. ఒక పురుగు పడింది, అంతే.

"మరి ఉన్నాయని చెప్పారట కదా..."

"ఎవత్తి చెప్పింది? నిండుకున్నాయన్నాం."

అది డబ్బాలోకి చూసింది. నా వైపు చూసింది. ఆ చూపే ఆ ఫొటోలో ఉన్నది. "నిండుకున్నాయంటే నిండాయని రాశార్రా దేవుడా," అంది. "చదివి, సంతకం పెట్టింది నేను."

మర్నాడు నన్ను వెంటేసుకుని డైరెక్టరు గదికి పోయింది. డైరెక్టరు మనవాడే, పరాయివాడు కాదు.

"సార్, బియ్యం అయిపోతే మీ అమ్మగారు ఏమనేవారు?" అంది.

వాడికి అర్థమైంది. అర్థమయ్యే తల దించుకున్నాడు. "నిజమే మేడమ్. కానీ రిపోర్టు అచ్చుకెళ్ళిపోయింది. ఈసారి వేసేటప్పుడు పేజీ అడుగున చిన్న అక్షరాల్లో సవరణ వేద్దాం. మీ ఉద్యోగం ఖాయం చేసే సంగతి కూడా నా దగ్గరే ఉంది, తొందరపడకండి."

"చిన్న అక్షరాలు ఉడకేసుకుని తినమంటారా వీధిని?"

నాకు ఒళ్ళు మండిపోయింది. పక్కన నిలబడ్డాడు మా ఇంటికొచ్చిన కుర్రాడు. "నాయనా, నీ బుర్ర పూర్తిగా నిండుకుంది," అన్నా. "థాంక్యూ అమ్మా," అన్నాడు! వాడిననేం లాభం. తెలియక రాశాడు వాడు. తెలిసి ఊరుకున్నవాణ్ణి అనాలి, కుర్చీలో వాణ్ణి.

ఏడాది చివర డబ్బిచ్చే పెద్దలందరి ముందూ ఆ రిపోర్టు చదవాల్సింది పంతులమ్మే. చదివితే నౌకరీ ఖాయం. మీ తాత ముందురోజు బతిమాలాడు, "చెల్లీ, ఒక్కరోజు నోరు కట్టేసుకో." అది వెళ్ళి మైకు ముందు నిలబడి, "ఈ లెక్క తప్పు. ఆ ఇళ్ళలో బియ్యం లేవు. నా పేరు తీసెయ్యండి," అంది. డైరెక్టరు లేచి ఏమన్నాడో తెలుసా? టీ సిద్ధంగా ఉందన్నాడు. అందరూ లేచి టీకి పోయారు. ఆకలి గురించి వినడానికొచ్చినవాళ్ళు!

దాని పేరు తీసేశారు. లెక్క మాత్రం ఉంచారు. నౌకరీ ఊడింది, దుకాణానికి తాళం పడింది. పక్కింటావిడ పిల్లలు ఎండు రొట్టెముక్కల కోసం కొట్టుకోవడం చూశాన్నేను. మీ తాత చెల్లెలితో మాట్లాడ్డం మానేశాడు. నేను మీ తాతతో మానేశా.

అది ఏడవలేదు. పొద్దున్నే కుళాయి దగ్గరికొచ్చి ఆడవాళ్ళను నిలబెట్టింది. "అనండి, లేవు."

"అమ్మో, అశుభం పంతులమ్మా!"

"కడుపు మాడటం శుభమా? అను!"

బిందెలు పట్టుకున్న అందరి చేతా పాఠంలా వల్లె వేయించింది. ముసలమ్మలు చెంపలేసుకుంటూ అన్నారు. తర్వాత అందరం కలిసి సర్కారు ఆఫీసు మెట్లమీద కూర్చున్నాం. రోజూ. ఒక పెద్ద ఆఫీసరు విసుక్కుంటూ బయటికొచ్చి, "ఏంటమ్మా గోల, ఇళ్ళలో బియ్యం లేవా ఏంటి?" అన్నాడు.

"లేవు!" అన్నాం. లోపల గుమాస్తాలు లేచి నిలబడ్డారు.

వానలు తగ్గాక దుకాణం తెరిచారు. రిబ్బను కత్తిరించడానికి ఎవరొచ్చారనుకున్నారు? ఆ డైరెక్టరే. సిగ్గూ శరం నిండుకున్న మనిషి. పంతులమ్మ సంచి పట్టుకుని వరసలో నా వెనకాల నిలబడింది. ఎవడూ పలకరించలేదు.

తర్వాత బతికినన్నాళ్ళూ ఇంట్లో ట్యూషన్లు చెప్పుకుంది. జబ్బు చేస్తే బాగున్నానని ఎవరికీ అబద్ధం చెప్పలేదు. "బాగాలేను" అని మొహం మీదే చెప్పేది. పోయిన రోజు బంధువులొచ్చి దీపం కొండెక్కిందనీ, కాలం చేసిందనీ కళ్ళు తుడుచుకున్నారు. లేవండి ఇక్కణ్ణుంచి అన్నాను. నువ్వూ అలా రాయకు. చచ్చిపోయిందని రాయి. యాభై నాలుగేళ్ళు.