మేవిస్ మంచి కోటు

ఇంగ్లండులో ఒక లోయలో ఉన్న చిన్న ఊరు బేకప్. అక్కడి లైబ్రరీలో ఇరవై ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను. ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్తున్నారో, కంప్యూటరు ముందు కూర్చుని ఏం వెతుకుతున్నారో తెలుసుకోకపోతే నాకు తిన్నది అరగదు. ఇది మంచి గుణమని నేను అనను. కానీ జోడీ లోమాక్స్ కథ నాకు తెలిసింది ఈ గుణం వల్లే.

జోడీకి అప్పటికి పదిహేడు నిండాయి, కాలేజీ అయ్యాక మా లైబ్రరీలో సాయానికి వచ్చేది. రాక్‌లో కింది అర ముందు గొంతుక్కూర్చుని, ఈ పుస్తకాలు ఎవరూ తీసుకోరెందుకని అడిగింది. ఇరవై ఆరేళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఇక్కడికి వచ్చేవాళ్ళలో సగం మందికి మోకాళ్ళ నొప్పులు, వంగలేరు అన్నాను. మర్నాడు వచ్చి చూద్దును కదా, కింది అరలోని వంటల పుస్తకాలన్నీ నా బల్ల పక్కనున్నాయి, తిరిగొచ్చిన పుస్తకాలన్నీ కింద ఉన్నాయి. నన్ను మాటమాత్రం అడగలేదు. ఒళ్ళు మండింది. వారం తిరిగేసరికి వంటల పుస్తకాల్లో ఒక్కటి కూడా మిగల్లేదు. ఇక ఏమనను?

జనం ఇది కాక అదే ఎందుకు తీసుకుంటారు? ఆ పిల్ల బుర్రని పొద్దస్తమానం ఇదే తొలుస్తుండేది. దానికి మార్కెటింగ్ అని పేరుందనీ, ఉద్యోగం చేసుకుంటూనే అందులో డిగ్రీ తెచ్చుకోవచ్చనీ కాలేజీలో ఎవరో చెప్పారట. డిగ్రీ అప్రెంటిస్‌షిప్ అంటారు. వారంలో నాలుగు రోజులు కంపెనీలో పని, ఒక రోజు యూనివర్సిటీ. జీతం వస్తుంది, చదువు ఖర్చు మనది కాదు. వాళ్ళమ్మ బ్లాక్‌బర్న్ ఆసుపత్రిలో నర్సు, ఎప్పుడూ డ్యూటీలోనే ఉంటుంది. ఈ పిల్లను పెంచింది అమ్మమ్మ మేవిస్. మామూలు డిగ్రీకి అప్పు చేయాలి. అప్పు అనే మాటని మేవిస్ తన ఇంటి గడప తొక్కనివ్వదు. కాబట్టి ఇదొక్కటే దారి.

మొదట్లోనే బోల్తా పడ్డాం. జోడీ యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టి నవంబరు దాకా జవాబు కోసం కాచుక్కూర్చుంది. చివరికి నేనే ఫోన్ చేయించాను. ముందు ఏదైనా కంపెనీ నిన్ను ఉద్యోగంలోకి తీసుకోవాలి, సీటు సంగతి ఆ తర్వాతే అన్నారు వాళ్ళు. చేతికొచ్చిన నెలలు అలా గాలికిపోయాయి. ఆ రోజునుంచి అప్రెంటిస్‌షిప్‌ల ప్రభుత్వ వెబ్‌సైటును పొద్దున తలుపులు తీయగానే ఇద్దరం కలిసి చూసేవాళ్ళం. జనవరిలో కనబడింది. పక్క ఊళ్ళోనే, ఇళ్ళల్లో తొడుక్కునే మెత్తటి చెప్పులు చేసే కంపెనీ. ఒకే ఒక్క ఖాళీ.

ఈ లోయంతా ఒకప్పుడు ఆ చెప్పులు కుట్టే బతికింది. మేవిస్ కూడా పదిహేనో ఏట మొదలుపెట్టి ముప్ఫై ఎనిమిదేళ్ళు కుట్టింది.

దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంది, మీ చొరవతో ఏదైనా మారిన సందర్భం చెప్పండని. జోడీ రాసిన జవాబు చదివి నాకు చిర్రెత్తుకొచ్చింది. "లైబ్రరీలో కొంచెం సాయం చేశాను" అట. ఇక్కడివాళ్ళ జబ్బే ఇది. తాము చేసిన పని గురించి చెప్పుకోవాలంటే తల కొట్టేసినట్టుంటుంది. ఏం గమనించావు, ఏం మార్చావు, జనం ఎన్ని పుస్తకాలు తీసుకెళ్ళారు, లెక్కతో సహా రాయమని పక్కన కూర్చుని నాలుగుసార్లు తిరగరాయించాను. ఇది చాలదని, ఆ పిల్ల రెండు శనివారాలు రాచ్‌డేల్ బజార్లో చెప్పుల దుకాణం దగ్గర నిలబడి కొనేవాళ్ళను చూసి వచ్చింది. వాటిని తొడుక్కునేవాళ్ళు కొనడం లేదట. తల్లి ఆసుపత్రిలో చేరబోతుంటే కొనడానికి కూతురు వస్తోందట, వాచిన పాదం కొలత తెలియక బేరం మధ్యలో వదిలేసి వెళ్ళిపోతోందట. ఆ సంగతీ రాసింది. ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది.

ఇంటర్వ్యూ శుక్రవారం. బుధవారం మధ్యాహ్నం మేవిస్ లైబ్రరీకి వచ్చింది. ఒంటిమీద నీలం కోటు. పెళ్ళిళ్ళకీ చావులకీ తప్ప అది అలమరలోంచి బయటికి రాదు. జోడీ నా పక్కనే ఉంది.

"వెళ్ళి చెప్పొచ్చానే, నీ గురించి," అంది మేవిస్, కుర్చీలో కూలబడుతూ.

కంపెనీకే వెళ్ళిందట. కుట్టేవాళ్ళ మీద అజమాయిషీ చేసే ఫోర్‌వుమన్‌ని పిలవమంటే, అలాంటివాళ్ళు ఇప్పుడు లేరని ఎవరో కుర్రాడిని పంపారట. అతను టీ ఇచ్చి, చెప్పిందంతా రాసుకున్నాడట. మేవిస్ కాలంలో ఏ పిల్లా దానంతట అది చెప్పుల మిల్లులో చేరేది కాదు. లోపల పనిచేసే అమ్మో అత్తో వెళ్ళి దాని తరఫున ఒక మాట చెప్పాలి. తన చెల్లెలి గురించీ మేవిస్ అలాగే చెప్పింది. మరి మనవరాలికి చెప్పకపోతే ఎలా?

నేను ఇంటర్వ్యూ ఉత్తరం తీసి ఆఖరి పేజీ చూశాను. చివరి వరసలో ఉంది, అభ్యర్థి తరఫున ఎవరైనా వచ్చి సిఫారసు చేస్తే దరఖాస్తు రద్దు అని. ముగ్గురం చదివాం. జోడీ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నిన్నెవరు వెళ్ళమన్నారు అమ్మమ్మా? నా కొంప ముంచావు కదా."

"నేనేం తప్పు చేశానే?" అంది మేవిస్. నిజంగానే ఆమెకు అర్థం కాలేదు.

నోరు మూసుకుని వెళ్ళి రా, ఆ కుర్రాడు ఈపాటికి మర్చిపోయి ఉంటాడు అని నేను సలహా ఇచ్చాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. జోడీ నా మాట వినిపించుకోలేదు. కాసేపు ఏడ్చింది, ముక్కు చీదుకుంది, తర్వాత దాని బుద్ధి మళ్ళీ దాని దారిన పడింది.

"ఇంతకీ నువ్వు ఏం చెప్పావు? ఉన్నదున్నట్టు చెప్పు."

"ఏం చెబుతారు? నీలో ఉన్న లోపాలు చెప్పాను," అంది మేవిస్. "ప్రశ్నలతో ప్రాణం తీస్తుందన్నాను. ఏ వస్తువూ ఉన్నచోట ఉండనివ్వదన్నాను. వాన పడితే కొట్లలో దూరి జనాన్ని చూస్తూ బస్సు వదిలేస్తుందన్నాను. అది తప్పు చేస్తే నన్ను పిలవండి, వచ్చి మాట పడతానని ఫోన్ నంబరిచ్చి వచ్చాను."

పొగడలేదా అని అడిగాను. మేవిస్ నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. మాట చెప్పడమంటే అదేనట. పొగిడితే ఎవరు నమ్ముతారు? లోపాలు ముందే చెప్పి, వాటికి మన పేరు పూచీ పెట్టాలి. చెల్లెలు కుట్లు వంకరగా వేసిన రోజు ఫోర్‌వుమన్ పిలిచి తిట్టింది చెల్లెల్ని కాదు, మేవిస్‌నే. అందరి ముందూ నిలబెట్టి తిట్టిందట.

శుక్రవారం జరిగింది జోడీయే వచ్చి చెప్పింది. లోపలికి వెళ్ళి, కూర్చోకముందే, మా అమ్మమ్మ వచ్చి నా గురించి మాట్లాడింది, మీ నియమం ప్రకారం నేను లెక్కలో లేను, ముందు ఆ సంగతి తేల్చండి అందట. మార్కెటింగ్ పెద్ద బెర్నడెట్ అనే ఆవిడ. జోడీని బయట కూర్చోబెట్టి, ఆ కుర్రాడిని పిలిపించి, అతను రాసుకున్నది చదివించుకుందట. ఇరవై నిమిషాలు. మళ్ళీ లోపలికి పిలిచింది.

"ఆ నియమం పొగడ్తలు మోసుకొచ్చేవాళ్ళ కోసం పెట్టుకున్నాం. ఇలా వచ్చి చాడీలు చెప్పేవాళ్ళ గురించి మా దాంట్లో ఏమీ లేదు. కూర్చో. వాచిన పాదాల సంగతేంటో చెప్పు," అందట.

ముప్పావుగంట చెప్పింది. ఏప్రిల్లో ఉద్యోగం ఇస్తున్నామని ఉత్తరం వచ్చింది, ఆగస్టులో పరీక్ష ఫలితాలు వచ్చాక యూనివర్సిటీ సీటూ ఖాయమైంది. సెప్టెంబరులో చేరింది.

కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను. మూడో వారం వాన పట్టుకుంది. మా లోయలో వాన పట్టుకుంటే వదలదు. ఒక మంగళవారం పది గంటలకు మేవిస్ తడిసిన నీలం కోటుతో లైబ్రరీకి వచ్చి, నన్ను కారులో కంపెనీ దాకా దింపుతావా అంది. బెర్నడెట్ ఫోన్ చేసిందట, మీ పిల్ల నలభై నిమిషాలు ఆలస్యమని.

బెర్నడెట్ నవ్వులాటకే చేసింది. ఆ సంగతి నాకు అక్కడికి వెళ్ళాక ఆవిడ మొహం చూస్తే తెలిసింది. మేవిస్ కుర్చీ వద్దంది. చేతిసంచీ రెండు చేతులతో పట్టుకుని బల్ల ముందు నిలబడింది.

"అది నేను మాటిచ్చిన పిల్లమ్మా. అనాల్సిందేదో నన్ను అనండి."

బెర్నడెట్ నవ్వు ఆగిపోయింది. తానూ లేచి నిలబడింది. ఇంకోసారి ఇలా జరగకుండా చూసుకోండి అంది, చాలా మెల్లగా. సరేనమ్మా అంది మేవిస్. అద్దాల గోడకు అవతల, కంప్యూటరు ముందు కూర్చున్న జోడీ ఇదంతా చూస్తోంది. ఎనభై ఏళ్ళ అమ్మమ్మ తన కోసం నిలబడి మాట పడటం చూస్తోంది.

ఇది జరిగి ఏడాది దాటింది. జోడీ ఇప్పుడు డిగ్రీ రెండో ఏడు. కంపెనీకి వెళ్ళే బస్సు మా లైబ్రరీ ముందే ఆగుతుంది, నేను కిటికీలోంచి రోజూ చూస్తాను. వాన లేని రోజు కూడా తను ఎక్కాల్సినదానికంటే ఒక బస్సు ముందుగానే ఎక్కుతుంది.