అమ్మ నీటి గుంటకు మంద పెట్టిన ఏడు

చేపలు పెంచుతానని అమ్మ అన్నప్పుడు నవ్వని వాళ్లు లేరు. మాది గొర్రెలు కాసే ఇల్లు. కోస్గి దగ్గర మెట్ట ఊరు, వాన పడితేనే పంట. మా లెక్కలో ప్రాణి అంటే నాలుగు కాళ్లుండాలి, ఆకలేస్తే అరవాలి, తప్పిపోతే వెతకడానికి అడుగుల జాడ ఉండాలి. చేపకు ఇవేవీ లేవు. "కనవడని జీవాలను ఎట్ల కాస్తవే?" అని అవ్వ, అంటే మా నాయిన తల్లి, కనబడినప్పుడల్లా అడిగేది.

తెలంగాణ వచ్చిన కొత్తలో మాట ఇది. ఉపాధి హామీ పని కింద మా చెలక చేనులో ఒక నీటి గుంట తవ్వారు. ఆ వానాకాలం అది నిండింది. ఆ నీళ్లను చూసినప్పటి నుంచి అమ్మ మనసు మనసులో లేదు. ఆమె ఆశ చేపల మీద కాదు, ఇంటి మీద.

ఏటా కోతలయ్యాక నాయిన మందను తోలుకుని నల్గొండ దాటి, సాగర్ కాల్వల కింది వరి మడుల దాకా పోయేవాడు. అక్కడి రైతులు తమ పొలాల్లో మంద పెట్టించుకునేవాళ్లు. రాత్రంతా గొర్రెలు పడుకున్న మడికి ఎరువు, మాకు గింజలు. వండి పెట్టడానికి, దారిలో ఈనిన పిల్లలను మోయడానికి అమ్మ కూడా వెంట పోవాల్సిందే. మళ్లీ తొలకరికి గాని వచ్చేవాళ్లు కాదు. అన్నాళ్లూ నేను అవ్వ దగ్గర. అమ్మ తిరిగొచ్చేసరికి నా గౌన్లు పొట్టివయ్యేవి. నన్ను చూడగానే ఒక్క క్షణం పోల్చుకోలేనట్టు ఆగేది. ఆ ఒక్క క్షణం మీద నాకు ఏడాదంతా కోపం ఉండేది.

చేపలుంటే వాటిని చూసుకోవడానికి ఎవరో ఒకరు ఊళ్లో ఉండాలి కదా. అమ్మ ఆలోచన అదే. నాయినకు అది అర్థం కాకపోలేదు. "చేపలు బతికితే ఉండు. సచ్చినయంటే మందెంట నడువు," అన్నాడు.

రవ్వ చేప పిల్లలు, బొచ్చె చేప పిల్లలు గాలి నింపిన ప్లాస్టిక్ సంచుల్లో వచ్చాయి. వేలెడంత కూడా లేవు. అమ్మ సంచులను నీళ్ల మీద తేలేసి మూతి విప్పింది. అవి బిలబిలా జారుకున్నాయి, ఇక కనబడలేదు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే కట్ట మీద నిలబడి, గొర్రె పిల్లలను పిలిచినట్టే నాలుకతో టక్కుటక్కుమంటూ తవుడు, పల్లి చెక్క చల్లేది. నీళ్ల మీద చిన్న సుడులు లేచేవి, అంతే. కంటికి కనబడని వాటికి రోజూ అన్నం పెట్టడం దేవుడి దగ్గర తప్ప నేనెక్కడా చూడలేదు.

పిల్లలు తెచ్చిన మనిషి పోతూ పోతూ, అప్పుడప్పుడు గంపెడు పెంట వేయమన్నాడు. నీళ్లలో నాచు పుడుతుంది, చేపలు తింటాయి. గంపెడు పెంట అని మా ముందు అనడం మాకు నామోషీ అనిపించింది. మా మంద పడుకున్న చేను ఏదైనా నల్లగా నిగనిగలాడుతుందని ఎంత దూరం వెళ్లినా పేరుంది. పరాయివాళ్ల మడులకు పెట్టిన మందను సొంత గుంటకు పెట్టుకోలేమా? అమ్మ గొర్రెలన్నింటినీ కొన్నాళ్ల పాటు గుంట కట్ట మీదే పడుకోబెట్టి, పొద్దున్నే ఆ పెంటంతా నీళ్లలోకి ఊడ్చింది. నీళ్లు చిక్కగా పచ్చబడ్డాయి. అవ్వ కూడా మెత్తబడి, పక్కింటి వాళ్లను పిలుచుకొచ్చి చూపించింది.

తర్వాత ముసురు పట్టింది. అది కాస్త తెరిపిచ్చిన పొద్దున నేనూ అమ్మా గుంట దగ్గరికి పోయేసరికి నీళ్ల నిండా నోళ్లు. మేం వదిలిన వేలెడంత పిల్లలు అరచేతి కన్నా పెద్దవై, అన్నీ ఒక్కసారే పైకొచ్చి, గుండ్రటి నోళ్లు తెరిచి మూస్తున్నాయి. ఇన్నాళ్లూ ఇన్ని ప్రాణాలు మా చెలకలో చప్పుడు లేకుండా పెరిగాయా? అమ్మ ముఖం వెలిగిపోయింది. "ఆకలైతాందా బిడ్డా," అంటూ తవుడంతా కుమ్మరించింది. ఒక్కటీ ముట్టలేదు.

పక్క ఊరి చెరువు నుంచి చేపల గంప ఎత్తుకుని కోస్గి అంగడికి పోతున్న ఒక బెస్త ఆమె మమ్మల్ని చూసి ఆగింది. నీళ్లను చూడగానే గంప దించేసింది.

"గవి ఆకలికి రాలేదక్కా. పెంట ఎక్కువైంది, మబ్బు వట్టింది. నీళ్లల్ల గాలి లేక పైకొచ్చినయి."

"గిప్పుడేం జెయ్యాలె?"

"బోరు నీళ్లు మీదికెల్లి దుంకియ్యాలె. కరెంటు లేదంటే చేతుల్తోని కొట్టాలె, పొద్దెక్కేదాంక."

పక్క చేనులో బోరుంది గాని, వానకు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి ఊరికి కరెంటు లేదు. అమ్మ చీర పైకి దోపి దిగింది. మోకాటి లోతు వాగు దాటాలన్నా గొర్రె మెడ పట్టుకునే మనిషి, నడుము లోతుకు పోయి రెండు చేతులతో నీళ్లను బాదడం మొదలుపెట్టింది. బెస్త ఆమె అవతలి వైపు దిగింది. నేను ఊళ్లోకి ఉరికాను.

నవ్విన వాళ్లందరూ వచ్చారు. కొందరు బకెట్లు, కొందరు బిందెలు. కొందరు నీళ్లలో దిగారు, కొందరు కట్ట మీద నుంచి ఎత్తెత్తి కుమ్మరించారు. అవ్వ ఒడ్డున కూర్చుని కట్టెతో కొడుతూనే ఉంది. మా ఊరి ఆడవాళ్లు కలిసి నాట్లు వేయడం చూశాను, కలుపు తీయడం చూశాను, కొట్లాడుకోవడమైతే మరీ ఎక్కువ చూశాను. అందరూ కలిసి ఇంకో ప్రాణికి ఊపిరి పోయడం అదే మొదలు. నీళ్ల చప్పుడు ఒక్కటే. ఇప్పుడు ఆ ఊళ్లో ఇంకా కొన్ని గుంటల్లో చేపలున్నాయి, చూసుకునేది ఆడవాళ్లే. నాకు మాత్రం చేప అనగానే ఆ చప్పుడే వినబడుతుంది.

మబ్బు పలచబడి ఎండ పడింది. నోళ్లు తగ్గుతూ వచ్చాయి. చివరికి ఒక్క నోరూ కనబడలేదు. నోళ్లు లేని ఆ నీళ్లను చూసి అమ్మ ఏడ్చింది.

నాయిన ఎప్పుడొచ్చాడో, చచ్చి అంచుల్లో తెల్లగా తేలిన చేపలను గంపలోకి ఏరుతున్నాడు. గంప సగం నిండింది. అమ్మ ఆయన వైపు చూడలేదు. ఆయన బెస్త ఆమెను అడిగాడు. "మిగిలినయా?"

"మస్తుగున్నయన్నా. కిందికి వొయినయి."

నాయిన, "ఇగ కట్ట మీదికి మందను తోలను," అని గంప ఎత్తుకుని పోయాడు.

కోతలయ్యాక మంద కదిలిన పొద్దున ఈసారి అమ్మ ఊరి చివర నా పక్కన నిలబడింది. అలవాటు కొద్దీ నాలుగడుగులు వేసి ఆగింది. గొర్రెలు, కుక్కలు, సామాను గాడిద, వాటి వెనుక నాయిన గొంగడి. మలుపు తిరిగాక దుమ్ము ఒక్కటే మిగిలింది.

"పోతుంటే ఎనుక నుంచి గిట్లుంటదా," అంది అమ్మ. తర్వాత నా వైపు తిరిగింది. "ఏటా నువ్వు గిట్లనే నిలవడేదానివా, బిడ్డా?"

"దుమ్ము కనవడేదాంక," అన్నాను.

అమ్మ అక్కడే, దారి మధ్యలో, కూర్చుండిపోయింది.