స్ప్రింగు లేని కార్బురేటర్

1988 వేసవి. బరంపురంలో పాత బస్టాండు వెనక సందులో మాకు పాత మోటారు సామాన్ల కొట్టు ఉండేది. దెబ్బతిన్న అంబాసిడర్లను మొత్తంగా కొని, విప్పి, పనికొచ్చే భాగాలను వేరుచేసి అమ్మేవాళ్లం. ఛత్రపురం నుంచి ఇచ్ఛాపురం దాకా టాక్సీలవాళ్లు మా దగ్గరికే వచ్చేవారు. ఒడియాలో బేరం మొదలుపెట్టి తెలుగులో ముగించేవారు కొందరు.

తలుపో, బంపరో అయితే కంటితో చూసి కొనుక్కోవచ్చు. పెట్రోలు పారే సామాను అలా కాదు. ఫ్యూయల్ పంపులో డయాఫ్రం అని పలచని పొర ఉంటుంది. అది చిరిగిందో లేదో విప్పితే గాని తెలియదు. కార్బురేటర్ పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు అందించే భాగం. దానిలోని ఫ్లోట్‌ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తాం. లోపల గలగలమంటే పెట్రోలు దూరినట్టే, ఇక పనికిరాదు. అందుకని ఏ ముక్కయినా కొనేవాడి ఎదుటే విప్పి చూపించడం మా నాన్న నాటి నుంచి అలవాటు.

ఆ వేసవిలో లచ్చన్న వచ్చాడు. దిగపహండిలో సొంత టాక్సీ నడుపుకునే మనిషి, యాభై దాటినవాడు. ఏళ్లుగా మా ఖాతాదారే కాని మాట తక్కువ. కొడుకు పోయాడని అంతకుముందు ఎవరో అంటే విన్నాను. ఎలా పోయాడో నాకు తెలియదు, అడగనూ లేదు. తన బండి నల్లగా పొగ చిమ్ముతోందనీ, పెట్రోలు మంచినీళ్లలా తాగేస్తోందనీ, కార్బురేటర్ మార్చక తప్పదని మేస్త్రీ తేల్చేశాడనీ చెప్పాడు.

అప్పటికి నా దగ్గర ఒక్కటే మంచిది ఉంది. కొద్దిరోజుల కిందట ఒక బ్రోకరు తెచ్చి పడేసిన బండిలోది. ముందు భాగం నుజ్జయినా ఆ ముక్క చెక్కుచెదరలేదు. ఇంకా కడగలేదు కూడా. బల్ల మీద గుడ్డ పరిచి అతని ముందు పెట్టాను. తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఇది ఏ బండిది, బాబూ?"

"మీ దిగపహండి అవతల కల్వర్టుని గుద్దీసిన బండిది," అన్నాను.

దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టేశాడు.  మంచినీళ్లు ఇస్తే ముట్టుకోలేదు. ఆ తరవాత చెప్పాడు, అది తన కొడుకు గురవయ్య నడిపిన బండి అని. వేరొకరి టాక్సీకి డ్రైవరుగా ఉండేవాడట. పెళ్లివారిని దించి ఒంటరిగా తిరిగొస్తూ మలుపులో పోయాడు.

"తాగి తోలినాడు, బాబూ. ఊరంతా అదే అంది. నానూ అన్నాను. ఆడి పెళ్లాం ఎదరే అనీసినాను."

అతని గొంతులో ఏడుపు లేదు. కోపం ఉంది, అదీ అరిగిపోయిన కోపం. అప్పుడే నా చూపు థ్రాటిల్ లివరు మీద పడింది. యాక్సిలరేటర్ నొక్కితే ఆ లివరు తెరుచుకుంటుంది, కాలు తీస్తే చిన్న స్ప్రింగు ఒకటి దాన్ని వెనక్కి లాగి మూసేస్తుంది. ఇక్కడ ఆ స్ప్రింగు లేదు. దాని స్థానంలో సైకిలు ట్యూబు ముక్క కట్టి ఉంది. ఇంజను వేడికీ పెట్రోలు తడికీ అది సాగి, పట్టు వదిలి వేలాడుతోంది. లివరు తెరుచుకునే ఉంది.

తండ్రి మనసు కొంచెం తేలికపడుతుందనే అనుకున్నాను.

"ఒకసారి ఇది సూడు, లచ్చన్నా. పెడలు మీంచి కాలు తీసినా ఈ లివరు ఎనక్కి రాదు. బండి జోరు తగ్గదు. మీవోడు తాగలేదేమో."

అతను వంగి చూశాడు. ఆ రబ్బరు కట్టును బొటనవేలితో తడిమాడు. ఒకసారి వదిలేసి, మళ్లీ తడిమాడు.

"ఈ ముడి నాదే, బాబూ."

తరవాత కొంచెం కొంచెంగా బయటికి వచ్చింది. స్ప్రింగు తెగిందని గురవయ్య ఓనరుకు చెప్పాడు. చూద్దామన్నాడు ఓనరు. కిరాయికి వెళ్తూ కొడుకు తమ ఇంటి ముందు బండి ఆపితే, లచ్చన్నే ట్యూబు కోసి కట్టాడు. తను బరంపురం వెళ్లినప్పుడు కొత్త స్ప్రింగు తెస్తానన్నాడు. ఆ పెళ్లిళ్ల రోజుల్లో కిరాయిలు వదులుకుని రాలేకపోయాడు.

నేను మాట మార్చబోయాను. గుద్దిన అదురుకే రబ్బరు సాగి ఉండొచ్చనీ, లివరు అప్పుడే ఇరుక్కుని ఉండొచ్చనీ, ఇన్నాళ్ల తరవాత ఎవరూ చెప్పలేరనీ అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు. కాని అతను వినిపించుకోలేదు. తన బండి సంగతి మళ్లీ ఎత్తలేదు. ఆ కార్బురేటర్ ఇమ్మని అడిగి, కండువాలో చుట్టుకుని వెళ్లిపోయాడు.

వానలు తగ్గాక మళ్లీ వచ్చాడు. మనిషి సగమయ్యాడు. కోడలి అన్నదమ్ములను పిలిపించి, అరుగు మీద ఆ ముక్క పెట్టి, ముడి ఎవరు కట్టారో అందరి ముందూ చెప్పాడట.  ఆమె పిల్లను తీసుకుని గోపాల్‌పూర్‌లో పుట్టింటికి వెళ్లిపోయింది. అప్పటి నుంచి అతనితో మాట లేదు.

చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు కదా అని అడిగాను.

"మాటాడకపోతే పోనీ, బాబూ. ఆడిని తాగుబోతన్న మాటైతే ఊళ్లో పోనాది," అన్నాడు.

టాక్సీ అమ్మేశాననీ, ఇక స్టీరింగు పట్టబోననీ చెప్పడానికే ఆ రోజు వచ్చాడు. మళ్లీ మా కొట్టు మెట్లెక్కలేదు.

విరిగినది ఏదో, ఎందుకు విరిగిందో చెప్పడం మా వృత్తిలో భాగం. అది చెబితే ఎదుటివాడికి మేలే జరుగుతుందని ఆనాటి దాకా అనుకునేవాడిని. ఒక తండ్రికి కొడుకు మీద కోపం ఉండేది. నేను ఆ కోపం తీసేసి, అతనికి మిగిల్చింది అంతకంటే బరువైనది. తెలియకుండా ఉంటేనే మంచిదా అంటే, ఆ చనిపోయినవాడికి అంటిన చెడ్డపేరు గుర్తొచ్చి అదీ అనలేను. ఇప్పటికీ థ్రాటిల్‌కు రబ్బరు కట్టిన బండ్లు మా కొట్టు ముందుకు వస్తూనే ఉంటాయి. అడగకపోయినా నేనే రబ్బరు కోసేసి కొత్త స్ప్రింగు తగిలిస్తాను. ఆ ముడి ఎవరు వేశారని మాత్రం అడగను.