కుండలో మొదటి రాయి

పోయినవాటితో మొదలుపెడతాను. అవి ఇక కదలవు, లెక్కకు అనుకూలంగా ఉంటాయి. కాపుకొచ్చిన చీని చెట్లు నావి నూట ఎనభై. పక్కతోట మామవి రెండు వందల పది. బోర్లు మూడు: రెండు నావి, ఒకటి ఆయనది. కాలిపోయిన మోటరు ఒకటి. ఆయన గట్టు నుంచి నా గట్టుకు వేసిన పైపు, ఎండకు పెళుసెక్కి ముక్కలైంది. ఇన్ని పోయినా పోనిది ఒక్కటే. వరుసగా పెరుగుతూ పోయే అంకెల్లో ఎన్నోది ఎంతో, మధ్యలోవి కూడుకుంటూ పోకుండా చెప్పేయగల ఉపాయం నాకు ఇప్పటికీ ఉంది. దాన్ని ఎవరూ కొనరు, ఎవరూ ఎత్తుకుపోరు.

ఆ ఉపాయం చెట్లు నాటేటప్పుడు దొరికింది. బయటివాళ్లు బత్తాయి అనేదాన్ని మా అనంతపురంలో చీని అంటాం. గట్టు నుంచి పదడుగులు వదిలి మొదటి గుంత, అక్కడి నుంచి ఇరవై అడుగులకు ఒకటి. పది, ముప్పై, యాభై, డెబ్బై. కూలీలు తాడు పట్టుకుని కొలుచుకుంటూ వస్తుంటే, పన్నెండో గుంత ఎక్కడ పడుతుందో ముందే చెప్పి వాళ్లను ఆశ్చర్యపరచాలనుకున్నాను. పన్నెండు ఇరవైలు రెండు వందల నలభై, మీద పది. రెండు వందల యాభై అడుగుల దగ్గర కర్ర పాతి నిలబడ్డాను. కూలీలు వచ్చి నాకు ఇరవై అడుగుల ఇవతలే పన్నెండో గుంత తవ్వడం మొదలుపెట్టారు.

"ఏమన్నా, ఆడ నిలబడినావు? ఎవరికోసం చూస్తాండావు?" అన్నాడు గడ్డపార పట్టినవాడు.

పన్నెండు చెట్ల నడుమ సందులు పదకొండేనని ఆ ఇరవై అడుగులు వెనక్కి నడుస్తూ నేర్చుకున్నాను. మొదటి చెట్టు ఉన్నచోటే ఉంటుంది. దాని కోసం ఎవరూ ఇరవై అడుగులు నడవరు. కాబట్టి ఎన్నోది కావాలో ఆ అంకెలోంచి ఒకటి తీసెయ్యాలి, మిగిలినదాన్ని పెరుగుదలతో హెచ్చవెయ్యాలి, దానికి మొదటిదాన్ని కలపాలి. పన్నెండులో ఒకటి పోతే పదకొండు, పదకొండు ఇరవైలు రెండు వందల ఇరవై, మీద పది, మొత్తం రెండు వందల ముప్పై. ఏడో తరగతితో బడి మానినవాడికి ఇది చాలా పెద్ద సంగతి. దీన్ని అంకశ్రేఢి అంటారనీ, పదో తరగతి పుస్తకంలో ఎప్పటినుంచో ఉందనీ తర్వాత తెలిసింది. నేనే కనిపెట్టానని ఊరంతా చెప్పుకున్న తర్వాత తెలిసింది.

రెండు వేల సంవత్సరం దాటాక వానలు వరుసగా ఎగ్గొట్టాయి. ఒక ఎండాకాలం నా మొదటి బోరు ఎండింది, రెండోది నీళ్లకు బదులు గాలి కొట్టసాగింది. ఆకులు దోనెల్లా ముడుచుకున్నాయి. పక్కతోట మామ బోరులో ఇంకా రెండించుల నీళ్లు వస్తున్నాయి. ఆయన నాకు నిజంగా మామ కాదు. గట్టు కలిసినవాళ్లు వరస కలుపుకోకపోతే గట్టు దగ్గర రోజూ కొట్లాటే, అంతే.

"ఒక్క తడి ఇడువు మామా. వానలు పడితే, నా బోరు తేరుకుంటే, నీ నీళ్లు నీకు తిరిగిస్తా," అన్నాను.

"ఎన్ని గంటలు?"

"పన్నెండు గంటలు సాలు."

"పన్నెండు ఇస్తే పన్నెండే తెస్తావా? దుడ్లకు వడ్డీ ఉండాది, నీళ్లకు ఉండకూడదా?"

"యాడన్నా విన్నావా మామా, నీళ్లకు వడ్డీ?"

"ఈడ విను," అన్నాడు. మొదటి వారంలో తిరిగిస్తే పన్నెండు గంటలే. ఆ తర్వాత ఆలస్యమయ్యే ప్రతి వారానికీ రెండు గంటలు ఎక్కువ. నేను నవ్వాను కానీ లోపల సంతోషించాను. పన్నెండు, పద్నాలుగు, పదహారు. నా ఉపాయానికి అచ్చంగా సరిపోయే బాకీ దొరికింది.

ఆ శుక్రవారం పైపు నా తోటలోకి తిప్పాడు. నీళ్లు పాదుల్లోకి దూకుతుండగా, తన కొట్టం మూల ఒక పాత కుండ పెట్టి, "లాభం" అంటూ అందులో ఒక గులకరాయి వేశాడు. మా వైపు గింజలు కొలిచేటప్పుడు మొదటి శేరును ఒకటి అనరు, లాభం అంటారు. ఆ తర్వాతే రెండు, మూడు. ఏ లెక్కనైనా ఉత్త కుండతో మొదలుపెట్టడం అరిష్టమని మామ నమ్మకం. తర్వాత ప్రతి శుక్రవారమూ ఒక రాయి వేస్తూ వచ్చాడు. ఒకసారి వజ్రకరూరు నుంచి ఆ దారిన వచ్చిన ఒకతను కుండలోకి తొంగిచూసి, రాళ్లు ఎందుకు దాచారని చాలా గౌరవంగా అడిగాడట. వాన పడగానే చేలల్లో వజ్రాలు వెతికే ఊరివాడు, అతని తప్పేం లేదు. "ఇవి నీళ్లప్పా," అన్నాడట మామ.

నా చెట్లు బతికాయి. పదహారో శుక్రవారానికి ముందు ఒక వాన పడింది. మా వానలకు గట్లు బాగా తెలుసు. అది పల్లంలో, వంక పక్కనున్న నా చేను మీద పడి, మిట్ట మీదున్న ఆయన తోటను తాకకుండా పోయింది. నా బోరులో ఒక ఇంచు నీళ్లు లేచాయి. అప్పటికి ఆయన బోరు దగ్గుతోంది. ఈసారి ఆకులు ముడుచుకున్నది ఆయన తోటలో. శుక్రవారం పొద్దున్నే కుండ చంకన పెట్టుకుని గట్టు మీదికొచ్చాడు.

"అల్లుడా, పదహారు రాళ్లు. పదహారు రెండ్లు ముప్పైరెండు, మీద పన్నెండు. నలభై నాలుగు గంటలు. పైపు తిప్పు, చెట్లు సచ్చిపోతాండాయి."

"నలభై రెండు మామా."

"ఏమప్పా, పదహారు వారాలు కాలేదా?"

"పదహారో వారం నడుస్తాండాది. పదహారు చెట్ల నడుమ సందులు పదహైదే."

"చెట్లకు సందులుంటాయి. వారాలకు యాడివి సందులు? బేస్తవారానికీ శుక్రవారానికీ నడుమ ఖాళీగా ఉండాదా?"

నేను ఆయన్ను నా తోటలోకి తీసుకుపోయి మొదటి చెట్టు నుంచి నడిపించాను. వరస పన్నెండు చెట్లకే అయిపోయింది. మిగిలిన నాలుగు వారాలూ రెండో వరసలో వెతుక్కోమంటావా అని ఆయన వెళ్లిపోయాడు. నలభై నాలుగు ఒప్పుకుంటేనే నీళ్లు ముట్టుకుంటానన్నాడు. నలభై రెండు ఒప్పుకుంటేనే పైపు తిప్పుతానన్నాను. నీళ్లు ఇవ్వనని నేను అనలేదు, ఆయన వద్దనీ అనలేదు. లెక్క తేలాలి, అంతే. అలా మూడు రోజులు గడిచాయి. కరెంటు రోజుకు ఏడు గంటలు వచ్చేది. వచ్చిన కరెంటును వృథా చేయకూడదు కనుక, ఆ ఇరవై ఒక్క గంటలూ నా చెట్లకే పారించాను.

నాలుగో రోజు ఆయన ఇంటికే పోయాను. అత్త, అంటే మామ భార్య, వసారాలో జొన్నలు కొలుస్తోంది. మేమిద్దరం నలభై నాలుగు, నలభై రెండు అని మళ్లీ మొదలుపెట్టాం. ఆమె శేరు కింద పెట్టి కుండ లాక్కుంది.

"ఇందులో మొదటి రాయి ఎప్పుడేసినావు?" అని మామను అడిగింది.

"నీళ్లిడిసిన పొద్దే. లాభం అని."

"ఆ పొద్దే ఇచ్చి ఆ పొద్దే వడ్డీనా? ఆలస్యం యాడయింది?" అని ఒక రాయి తీసి పెరట్లోకి విసిరేసింది. "ఇంగ పదహైదు. నీ నలభై రెండు నీకొచ్చె అల్లుడా, సంతోషమేనా? ఇద్దరికీ లెక్కలొస్తాయి. చెట్లకు రావు, అందుకే ఎండుతాండాయి. పోండి!"

నా జీవితంలో నా ఉపాయం నలుగురి ఎదుట కాకపోయినా ఇద్దరి ఎదుట నెగ్గింది ఆ రోజే. పైపు తిప్పాను. నీళ్లు ఆయన పాదుల్లో పడ్డాయి. మొదటి రోజు ఏడు గంటలు. రెండో రోజు రెండు గంటలు పారి, బోరు గురకపెట్టి, బురద కక్కి, గాలి కొట్టింది. మామ పైపు మూతి దగ్గర చెయ్యి పెట్టి చూశాడు.

"గాలికి ఏమన్నా లెక్క ఉండాదా అల్లుడా?" అన్నాడు.

తొమ్మిది గంటల్లో డెబ్బై చెట్లు తడిశాయి. మిగిలిన నూట నలభై ఆ నెలలోనే కట్టెలయ్యాయి. తడిసినవి ఒక కాపు ఇచ్చాయి. అత్త నాకో గంప కాయలు పంపింది. వాటిని ఏ ఖాతాలో వేయాలో ఇప్పటికీ తేల్చుకోలేదు, అందుకని తిన్నాను. మరుసటి ఎండాకాలం నావి నూట ఎనభై, ఆయనవి ఆ డెబ్బై, తేడా లేకుండా పోయాయి. తొమ్మిది గంటలు కట్టాను కదా, వారానికి రెండు గంటల్లో ఏమైనా తగ్గిస్తావా అని ఒకసారి అడిగాను. "చెట్లు తగ్గినాయి, సాలదా?" అన్నాడు.

ఇప్పుడాయన గొర్రెలు మేపుతున్నాడు. నేను మండీలో ఎవరి తోటల కాయలకో లెక్క రాస్తున్నాను. శుక్రవారం మాత్రం ఆయన ఇంకా రాయి వేస్తాడు. మొదటి కుండ నిండి రెండోది నడుస్తోంది. నిన్న మూడు వందలవ శుక్రవారం. గుత్తి రోడ్డు మీద గొర్రెలను దాటిస్తూ నన్ను చూసి ఆగాడు.

"ఎంతాయె అల్లుడా?"

మూడు వందల్లో ఒకటి తీసేసి, రెండుతో హెచ్చవేసి, పన్నెండు కలిపి, కట్టిన తొమ్మిది తీసేసి చెప్పాను. ఆయన పెదవులు కదిలాయి. తానూ ఒకటి తీసేసే లెక్కపెట్టాడు.

"సరిగ్గా ఉండాది," అని గొర్రెల వెనక పోయాడు.

మా ఇద్దరి నడుమ ఇప్పుడు ఒక్క గంట కూడా తేడా లేదు. నేను ఆయనకు ఇవ్వవలసిన నీళ్లు ఆరు వందల ఒక్క గంట.