పాస్‌పోర్ట్ తిరిగిచ్చేశారు

జపాన్ అధికారిణి నా పాస్‌పోర్ట్ పట్టుకుని పక్క గదిలోకి వెళ్లగానే నాకు మా నాన్న గుర్తొచ్చాడు. దుబాయ్‌లో పనిచేసినన్నాళ్లూ బాపు పాస్‌పోర్ట్ పని ఇచ్చిన సేటు దగ్గరే ఉండేది. అతను ఇవ్వకపోవడంతో బాపు తన తల్లి చనిపోయినప్పుడు కూడా రాలేకపోయాడు.

జపాన్‌లోని ఒక రాష్ట్ర ప్రభుత్వానికీ మన ప్రభుత్వానికీ ఒప్పందం కుదిరింది. అక్కడి వృద్ధులను చూసుకునే ఉద్యోగాలకు ఇబ్రహీంపట్నంలోని ఒక కాలేజీలో ఇంటర్వ్యూలు పెట్టారు. పిల్లలిద్దరినీ అమ్మ దగ్గర వదిలి నిజామాబాద్ నుంచి ఒక్కదాన్నే వచ్చాను.

కాసేపటికి ఆమె వచ్చి, తలవంచి, రెండు చేతులతో పాస్‌పోర్ట్ నాకే ఇచ్చింది. మా ఊళ్లో ఏజెంట్ పాస్‌పోర్ట్ తిరిగిచ్చాడంటే ఇక పని రానట్టే.

"నన్ను తీస్కోలేదా అక్కా?" అని ఆమె మాటలు తెలుగులో చెబుతున్న శేరిగూడ ఊరి అక్కను అడిగాను.

అక్క పకపకా నవ్వింది. "పాగల్ అయినవా ఏంది? తీస్కున్నరు. జిరాక్స్ కోసం అడిగిండ్రు, గంతే. ఆడికి పోయినంక గూడ గిది నీ దగ్గర్నే ఉండాలె. ఎవలడిగినా ఇయ్యొద్దంటున్నది మేడమ్."

"నడుమల ఇంటికి రావాలనిపిస్తే?"

అక్క జపాన్ భాషలో అడిగింది. ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో మేడమ్‌కు అర్థమే కాలేదు. "నీ పాస్‌పోర్ట్ నీ దగ్గర్నే ఉంటది గదా అంటున్నది."

ఇంటికి చేరేదాకా సంచిలో చేయి పెట్టి దాన్ని తడుముతూనే ఉన్నాను.

తెల్లారి పెద్దమ్మాయి ఏడుపు ముఖంతో అడిగింది, "తాత లెక్క నువ్వు గూడ రావా అమ్మా?"

"తాతను రానియ్యలే బిడ్డా," అని ఇద్దరినీ దగ్గరికి తీసుకుని చెప్పాను. "నన్నెవ్వరు ఆపరు. మీకు పానం బాగలేదంటే చాలు, వస్త."